ముందు మనిషి పేరు

1979లో బెజవాడలో నల్లకోటు తొడుక్కున్న మొదటి వారంలోనే మా సీనియర్ గారు నా చేతిలో ఒక గట్టి అట్ట నోటుబుక్కు పెట్టారు. "కేసు విన్న రోజు రాత్రే తెలుగులో రాసిపెట్టుకో. పై వరసలో మనిషి పేరు, ఊరు. దాని కింద జరిగింది. సెక్షన్ అన్నిటికన్నా ఆఖరున" అన్నారు. అలాంటి పుస్తకాలు ఇప్పుడు మా ఇంటి బీరువాలో రెండు అరల నిండా ఉన్నాయి.

మొదట్లో నా దగ్గరికి రైసుమిల్లుల వాళ్ళు, లారీ ఓనర్లు, మిర్చి వ్యాపారులు వచ్చేవారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ లేచాక వాళ్ళ పిల్లలు అక్కడ కంపెనీలు పెట్టారు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. తాతకు చిట్టా ఆవర్జాల మీద, కొడుక్కి కంప్యూటర్ లెక్కల మీద, మనవరాలికి ఫోనులో నడిచే వ్యాపారం మీద సలహా చెప్పిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఈమధ్య తీరిక దొరికి ఆ నోటుబుక్కులు వరసగా తిరగేశాను. గెలిచిన కేసుల పేజీలు త్వరగానే తిప్పేశాను. నా సలహా తప్పిన పేజీల దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుండిపోయాను. ఇప్పుడు కంపెనీ పగ్గాలు పట్టుకున్న మీకు పనికొస్తాయని వాటిలో కొన్ని రాస్తున్నాను.

1. సాక్ష్యం దాచుకోవాల్సింది లావాదేవీ జరిగిన రోజున. దావా వేసే రోజున వెతికితే దొరకదు.

2015లో గుంటూరు వైపు నుంచి ఒక కోల్డ్ స్టోరేజి యజమాని నా దగ్గరికి వచ్చారు. కంప్రెసర్లు సరఫరా చేసినవాళ్ళు మోసం చేశారన్నది ఆయన గోడు. జానెడు మందాన ఈమెయిళ్ళ ప్రింట్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. అన్నీ వరసగా, తేదీలతో సహా ఉన్నాయి. ఇంత కాగితం ఉంటే ఓడిపోయేదేముందని ధైర్యంగా దావా వేశాను. విచారణ రోజున అవతలి ప్లీడరు లేచి ఒక్క ప్రశ్న వేశాడు: "65బి సర్టిఫికెట్ ఏదండీ?" కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో చెప్పింది. నేను ఆ తీర్పు చదివాను కూడా. కానీ మా మెయిళ్ళన్నీ పాత మేనేజరు సొంత ఖాతాలో ఉన్నాయి. ఆయన గొడవపడి ఉద్యోగం మానేశాడు. ఆ ఖాతా తెరిచి, 'ఇవి నా మెషీన్‌లోంచి తీసినవే' అని సంతకం పెట్టే మనిషే మాకు లేడు. జానెడు కాగితంలో ఒక్కటి కూడా ఎగ్జిబిట్‌గా మార్క్ కాలేదు. చివరికి వాళ్ళిచ్చిన దాంతోనే రాజీపడ్డాం.

2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ అదే మాట గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టమే మారిపోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. ఆ 65బి ఇప్పుడు అందులో 63వ సెక్షన్. సర్టిఫికెట్‌కు రెండు భాగాలు పెట్టారు: ఒకటి రికార్డు దాఖలు చేసేవారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. అందుకని కంపెనీ పనికి కంపెనీ మెయిలే వాడించండి. వాట్సాప్‌లో బేరాలు సాగే చోట ఫోనూ సిమ్మూ కంపెనీవే ఉండాలి. మనిషి మానేసే రోజున తాళాలు ఎలా అప్పజెప్పించుకుంటారో అవీ అలాగే అప్పజెప్పించుకోండి. సర్వర్ ఎవరి అదుపులో ఉందో, రేపు సంతకం పెట్టేది ఎవరో ఈరోజే పేరుతో సహా రాసిపెట్టుకోండి.

2. 'సరే' అని కొట్టిన మెయిలు కూడా ఒప్పందమే.

అసలు కాగితం మీద సంతకాలు కాలేదు కదా అని ధీమాగా ఉండేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. ట్రైమెక్స్, వేదాంత కంపెనీల బాక్సైట్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఆ ధీమాకు తెరదించింది. ఆస్ట్రేలియా నుంచి ఐదు ఓడల సరుకు మీద బేరమంతా ఈమెయిళ్ళలోనే నడిచింది. ముఖ్యమైన షరతులు కుదిరి అవతలివాళ్ళు ఒప్పుకున్నాక, పెద్ద కాగితం తర్వాత రాసుకుందామనుకున్నా ఒప్పందం పుట్టినట్టేనని కోర్టు తేల్చింది. కాబట్టి రాత్రి పదకొండు గంటలకు నిద్రకళ్ళతో 'ఓకే, ఫైనల్' అని పంపకండి. బేరం ఇంకా తెగలేదనుకుంటే ఆ మాటే స్పష్టంగా రాయండి.

3. డబ్బిచ్చి చేయించుకున్నదల్లా మనదైపోదు.

ఇది పూర్తిగా నా చేతి తప్పు. బెజవాడ ఆటోనగర్‌లో లారీల వ్యాపారం చేసే ఒక కుటుంబం కోసం, ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఒక కుర్రాడు తన గదిలో, తన సొంత ల్యాప్‌టాప్ మీద బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టాడు. ఆ పని ఆర్డరు రాసింది నేనే. అరపేజీ. 'సాఫ్ట్‌వేర్ సరఫరా' అని రాసి, ధర రాసి, గడువు రాశాను. నా బుర్రలో అది మోటారు కొనడం లాంటిదే: సరుకు వచ్చింది, డబ్బు ఇచ్చాం, మనదైపోయింది.

ఆరేళ్ళకు వ్యాపారం పెరిగి, పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళ లాయరు మొదట అడిగింది లారీల ఆర్‌సీ పుస్తకాలు కాదు. సోర్స్ కోడ్ ఎవరి పేరున ఉందని. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం జీతం మీద పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానిది అవుతుంది. బయటి మనిషి సొంతంగా చేసిచ్చిన పనికి ఆ సూత్రం పట్టదు. హక్కు బదలాయించినట్టు అతని సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో కూడా కాలం రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్ళకే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. నా అరపేజీలో బదలాయింపు అన్న మాటే లేదు.

ఆ కుర్రాణ్ణి పిలిపించారు. యజమాని కొడుకు మండిపడ్డాడు, "మా ఉప్పు తిని..." అన్నాడు. ఆ అబ్బాయి నెమ్మదిగా, "మీరు నాకు ఆరు నెలల పని డబ్బులిచ్చారండీ. ఆ తర్వాత ఆరేళ్ళు ఫోను చేసినప్పుడల్లా ఊరికే బాగుచేసిపెట్టాను" అన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అతను అడిగిన మొత్తం న్యాయమైనదే. ఇప్పించాను. నా ఫీజు మాత్రం తీసుకోలేకపోయాను.

ఇలాంటి చోటే యజమానులు ఇంకో మాట అడుగుతారు: మానేసినవాడు పోటీ కంపెనీలో చేరకుండా రాయించండి అని. రాయించవచ్చు, కానీ నిలబడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా ఆపే షరతును చెల్లనివ్వదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కట్టుబాటు పెట్టుకోవచ్చు. వెళ్ళాక రహస్యాలు బయటపెట్టకుండా కాపాడుకోవచ్చు. బతుకుతెరువు మాత్రం ఆపలేరు. అలాంటి షరతు చూపించి ఉద్యోగిని భయపెట్టడానికి నా దగ్గరికి వచ్చినవాళ్ళను ఈ పదేళ్ళలో వెనక్కి పంపేశాను. అంతకుముందు పంపలేదు.

4. యంత్రం లారీ దిగకముందే మనిషికి మాట చేరాలి.

తొంభైలలో ఒక నూలుమిల్లు కోన్ వైండింగ్ విభాగంలో నూలును తమంతట తామే చుట్టే ఆటోకోనర్లు తేవాలనుకుంది. పదిమంది చేతులు చేసే పని ఒక్కరి పర్యవేక్షణలో జరిగిపోతుంది. యాజమాన్యం నన్ను అడిగింది దిగుమతి కాగితాల గురించి, బ్యాంకు అప్పు గురించి. పనివాళ్ళ గురించి వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. చెక్కపెట్టెలు గేటు లోపలికి వచ్చిన రోజున షిఫ్టు దిగుతున్న ఆడవాళ్ళు ఆగి వాటిని చూశారు. ఒకామె పెట్టె మీద చెయ్యి వేసి, "ఇందులో ఏముంది?" అని వాచ్‌మన్‌ను అడిగిందట. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి సమ్మె.

పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్ ఉద్యోగాలు పోయే అవకాశమున్న యాంత్రీకరణకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చెప్పేది. అది ఇవ్వలేదు. ఇవ్వాలని గుర్తు చేయాల్సినవాణ్ణి నేనే. నెల పైన మిల్లు మూతపడింది. తర్వాత లేబర్ అధికారి ముందు కూర్చుని కుదుర్చుకున్నదేమిటి? వయసులో ఉన్నవాళ్ళకు వేరే విభాగాల్లో శిక్షణ, మిగిలినవాళ్ళకు చట్టం చెప్పినదానికన్నా కాస్త ఎక్కువ పరిహారం. ఆ మాటే ముందు చెప్పి ఉంటే నెల జీతాలు, నెల నూలు, అన్నిటికన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకునే మర్యాద మిగిలేవి.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. 21 రోజుల నోటీసు అందులోనూ ఉంది. పనిలోంచి తీసేస్తే సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఉంది. కొత్త పని నేర్చుకోవడానికి ఇంకో 15 రోజుల వేతనం యజమాని జమచేయాలి. ఫ్యాక్టరీలు, గనులు, ప్లాంటేషన్లలో ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన హద్దు మాత్రం 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. కాబట్టి ఇకముందు చాలా చోట్ల మిమ్మల్ని ఆపే అధికారి ఉండడు. ఆగాల్సింది మీరే. ఇప్పటి యంత్రం చెక్కపెట్టెలో కూడా రాదు. కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒక రాత్రిలో సర్వర్ మీదికి ఎక్కుతుంది. పొద్దున వచ్చినవాళ్ళకు కంప్యూటర్ తెరుచుకోదు. పెట్టె మీద చెయ్యి వేసి అడిగే అవకాశం కూడా వాళ్ళకు లేకుండా పోతోంది. నన్ను బాగా కలవరపెడుతున్నది ఇదే.

5. ఎదుటివాళ్ళ వివరాలు మన సరుకు కాదు, మన దగ్గర దాచమని ఇచ్చిన నగ.

ఒక సాయంత్రం రోడ్డు పక్క బండి దగ్గర వేయించిన పల్లీలు కొన్నాను. తినడం అయ్యాక పొట్లం విప్పితే అది ఒక అప్పు దరఖాస్తు జిరాక్సు. ఒకావిడ ఫొటో, ఆధార్ నంబరు, ఫోను నంబరు, కింద వణుకుతున్న చేతి సంతకం. ఆ కంపెనీ నాకు తెలుసు. నేను సలహా ఇచ్చేదే. బంగారం మీద అప్పులిస్తారు. మర్నాడు వాళ్ళ బ్రాంచికి వెళ్ళాను. అక్కడ ప్రతి నగనూ తూచి, సంచిలో పెట్టి, సీలు వేసి, స్ట్రాంగ్‌రూమ్‌లో పెడతారు. ఆ నగ ఇచ్చినవాళ్ళ కాగితాలు మాత్రం గోనెసంచుల్లో మెట్ల కింద పడి ఉన్నాయి. పాతవి కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేశారు. ఏళ్ళ తరబడి వాళ్ళ లీజులు, రికవరీ నోటీసులు చూసిన నేను ఏ రోజూ మెట్ల కిందికి తొంగిచూడలేదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు. ఎనభై దాటిన వయసులో కోర్టు మెట్లెక్కారు. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటా కాపాడే ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్ళవచ్చు. అందరూ ఈ అంకె చూసి ఉలిక్కిపడతారు. నాకు మాత్రం ఆ చట్టంలో ఇంకో మాట పెద్దదిగా కనిపిస్తుంది: సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనైనా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా చదువుకునే వీలు మనిషికి ఇవ్వాలి. అంటే పల్లీల పొట్లంలో కనిపించిన ఆ తల్లికి తెలుగులో చెప్పి అడగాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. పని అయిపోయాక వివరాలు చెరిపేయాలి.

డేటా పోయిందని తెలిస్తే దాచకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. ఆరు గంటలంటే వకీలు కోసం వెతుక్కునే సమయం కూడా కాదు. ఎవరు ఎవరికి ఫోను చేయాలో ముందే కాగితం మీద ఉండాలి.

6. చదివే ఓపిక లేనివాడు సంతకం పెట్టే కుర్చీలో కూర్చోకూడదు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఉత్తరం బయటికి వచ్చినప్పుడు నేను హైకోర్టు క్యాంటీన్‌లో ఉన్నాను. లెక్కల్లో చూపిన ఐదు వేల కోట్లకు పైగా నగదు అసలు లేదన్న మాట విని చేతిలో కాఫీ చల్లారిపోయింది. నన్ను కుదిపింది కేవలం ఆ కంపెనీ సంగతి కాదు. ఆ రోజుల్లో నేనూ ఒక చిన్న కంపెనీ బోర్డులో ఉన్నాను. మీటింగుకు ముందురోజు సాయంత్రం కాగితాలు వచ్చేవి. సమోసాలు తింటూ సంతకాలు పెట్టేవాళ్ళం. అక్కడ ఏ మోసమూ జరగలేదు. జరిగి ఉంటే మాత్రం నాకు తెలిసేది కాదు. ఆ నెలలోనే రాజీనామా చేశాను.

2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ డైరెక్టరు బాధ్యతను వాటాదారుల దగ్గరే ఆపలేదు. ఉద్యోగులు, చుట్టుపక్కల సమాజం, పర్యావరణం వరకు తీసుకువెళ్ళింది. స్వతంత్ర డైరెక్టరైనా సరే, శ్రద్ధగా మెలగకపోతే 149వ సెక్షన్ వదలదు. మీ బోర్డు ముందుకు ఈరోజు వచ్చే కాగితం బ్యాలెన్స్ షీటు ఒక్కటే కాదు. ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరిని ఉద్యోగానికి పిలవాలో తేల్చే సాఫ్ట్‌వేర్ కూడా వస్తుంది. అది ఎలా తేలుస్తుందో మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే ఆ పూట సంతకం ఆపండి.

7. ఫిర్యాదు చేసిన మనిషిని బదిలీ చేస్తే ఫిర్యాదు బదిలీ కాదు.

2003లో హైదరాబాదు శివార్లలోని ఒక కంపెనీ ఎండీ నన్ను పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చారు. రూళ్ళ కాగితం, రెండు వైపులా రాసింది, నాలుగు మడతలు. వాళ్ళ ల్యాబులో పనిచేసే అమ్మాయి రాసింది. ఇంగ్లీషులో రాస్తే చెప్పాలనుకున్నది సరిగా రాదేమోనని తెలుగులో రాస్తున్నానని మొదటే రాసుకుంది. విభాగం పెద్ద రాత్రి షిఫ్టుల్లో ఏం మాట్లాడేవాడో, ఎక్కడ చెయ్యి వేసేవాడో తేదీలతో సహా ఉంది.

అప్పటికి విశాఖ తీర్పు వచ్చి ఆరేళ్ళు. మనవాళ్ళు చాలామంది విశాఖపట్నం కేసు అనుకుంటారు. విశాఖ అనేది రాజస్థాన్‌లో ఒక మహిళా సంస్థ పేరు. బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్తపై 1992లో జరిగిన అత్యాచారం తర్వాత ఆ సంస్థ, మరికొందరు కోర్టుకు వెళ్ళారు. పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. నాకు ఆ తీర్పు తెలుసు. నా షెల్ఫులో ఉంది. అయినా ఆ రోజు నేను ఎండీని మూడు ప్రశ్నలడిగాను: సాక్షులున్నారా? ఆ అమ్మాయి పర్మనెంటా? ఆ విభాగం పెద్ద కంపెనీకి ఎంత అవసరం? తర్వాత, "ముందు ఆమెను ఇంకో యూనిట్‌కు మార్చండి, గొడవ సద్దుమణిగాక చూద్దాం" అన్నాను. ఆ యూనిట్‌కు వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. రెండు నెలలకు ఆమె రాజీనామా చేసింది. గొడవ సద్దుమణిగిందని ఎండీ నాకు ఫోను చేసి థాంక్స్ చెప్పారు.

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఫోను. అదే విభాగం పెద్ద, ఇంకో అమ్మాయి. "ఇదివరకు చేసినట్టే చేద్దామా సార్?" అన్నారు ఎండీ. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు వెళ్ళి కమిటీ వేయించాను, విచారణ జరిపించాను, అతణ్ణి పంపించేదాకా ఊరుకోలేదు. కానీ రెండో అమ్మాయికి జరిగింది నా మొదటి సలహా వల్ల.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ఇప్పుడు దారి స్పష్టంగా గీసింది. పదిమంది ఉన్న ఏ సంస్థలోనైనా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో సగమైనా మహిళలు, బయటి సభ్యులు ఒకరు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. నేను చేసిన తప్పు గురించి కూడా ఆ చట్టంలో ఉంది: విచారణ నడుస్తుండగా బదిలీ అన్నది ఆమె లిఖితపూర్వకంగా కోరితేనే, అదీ ఆమెనే కదిలించాలని లేదు, అవతలి మనిషిని కూడా కదిలించవచ్చు. ఇప్పుడు ఫిర్యాదులు రూళ్ళ కాగితం మీద రావడం లేదు. అర్ధరాత్రి మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లుగా, వీడియో కాల్‌లో అన్న మాటలుగా వస్తున్నాయి. రెండు కంపెనీల్లో నేను బయటి సభ్యుడిగా కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళను ముందు పేరు అడుగుతాను, మంచినీళ్ళు ఇప్పిస్తాను, ఆ తర్వాతే కాగితం తెరుస్తాను.

ఈ వ్యాసం రాయడానికి 2003 నాటి నోటుబుక్కు తీశాను. ఆ ఉత్తరం అప్పుడే కంపెనీ ఫైలుతో వెనక్కి వెళ్ళిపోయింది. నా దగ్గర మిగిలింది ఆ రాత్రి నేను రాసుకున్న పేజీ ఒక్కటే. అందులో కంపెనీ పేరుంది, ఎండీ పేరుంది, ఫీజు ఎంతో ఉంది. కింద రెండు వరసలు: 'సదరు ఉద్యోగిని ఫిర్యాదుకు సాక్షులు లేరు. బదిలీ సూచించడమైనది.' ఆ అమ్మాయి పేరు ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.